బాల్కనీ అన్న మాట

కోర్టువాళ్ల జాబితాలో తెలుగు దుబాసీ లేడు. రెండు వాయిదాలు అలాగే గడిచిపోయాయి. మూడోసారి గుమస్తా విసుక్కుని, మీవాళ్లెవరినైనా మీరే తెచ్చుకోండని కావేరికి సైగలతో సహా చెప్పాడు. అంత పెద్ద ఢిల్లీలో మనవాళ్లకేం కొదవ? అయినా మొగుడి మీద కేసు అనగానే ఒక్కరికీ తీరిక దొరకలేదు. చివరికి జనక్‌పురిలో పక్క బ్లాకులో ఉండే సదాశివరావు సరేనన్నాడు. సర్కారు కొలువులో నలభై ఏళ్లు చేసి రిటైరైన పెద్దమనిషి. తెలుగిళ్లలో ఎక్కడ గొడవైనా మధ్యన కూర్చుని రాజీ చేయడం ఆయనకు అలవాటు. ఆ అలవాటే తన కొంప ముంచుతుందని కావేరికి అప్పుడు తట్టలేదు.

ఆమె కోరేది ఒక్కటే. కేసు తేలేదాకా తిరుమలేష్ ఇంటికి రాకూడదు. పోలీసుల మాట మీద అతను నెలరోజులుగా ఇందిరాపురంలో అన్న దగ్గర ఉంటున్నాడు. తన ఇంటికి తనను వెళ్లనివ్వమని అతను పెట్టుకున్న అర్జీ ఈ రోజే తేలాలి. ఫిర్యాదులో పోలీసు తనకర్థమైనంత రాసుకున్న భార్యాభర్తల గొడవ తప్ప ఇంకేమీ లేదు. ఆమె తరఫున కోర్టు ఇచ్చిన లాయరమ్మకు తెలుగు ముక్క రాదు.

అవతలి పక్క తిరుమలేష్ నిలబడి ఉండగానే జడ్జిగారు ఆమెను చెప్పమన్నారు. కావేరి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. తను పుట్టింటికి ఫోన్ చేసినందుకు తిరుమలేష్ నాలుగేళ్ల పాపను మూడో అంతస్తు బాల్కనీలో కమ్మీల అవతలికి పట్టుకుని నిలబడ్డాడు. ఇంకోసారి చేస్తే చేతులు వదిలేస్తానన్నాడు. పాప ఏడవడం కూడా మరిచిపోయి తన వంక చూసింది.

సదాశివరావు హిందీ అందుకున్నాడు. చక్కటి హిందీ, రేడియోలో వార్తలు చదివినట్టుంది. కావేరికి వచ్చింది కూరగాయల బేరానికి సరిపోయే హిందీ. అయినా ఒక్క మాట కోసం చెవులు రిక్కించి నిలబడింది. బాల్కనీని ఇక్కడ అందరూ బాల్కనీ అనే అంటారు. ఆయన కోపాన్ని గుస్సా అన్నాడు, పాపను బచ్చీ అన్నాడు, కుటుంబాన్ని రెండుసార్లు పరివార్ అన్నాడు. బాల్కనీ అనకుండానే ముగించేశాడు.

ఉండబట్టలేక ఆమె జడ్జిగారికి చేతులు జోడించి, "బాల్కనీ సార్," అంది.

జడ్జిగారు సదాశివరావు వైపు చూశారు. ఆయన నవ్వుతూ ఏదో సర్దిచెప్పాడు. అందులో ఛోటా ఫ్లాట్ అన్న రెండు మాటలే ఆమెకు అందాయి. బాల్కనీని ఇరుకింటి గొడవగా మార్చేశాడన్నమాట. జడ్జిగారు మంచాయనే, పాపం. దుబాసీ చెప్పినదంతా సరిగ్గా ఉందో లేదో ఆమెనే అడగమన్నారు. అడగవలసింది మళ్లీ సదాశివరావే.

"అంతా సరిగ్గా చెప్పానా అని అడుగుతున్నారమ్మా."

"పాపను పట్టుకున్న సంగతి మీరు చెప్పలేదండీ అంకుల్ గారూ. అది చెప్పండి, మీకు దండం పెడతాను."

"అట్లాంటివి పదిమందిలో అనకూడదు తల్లీ. రేపు మళ్లీ కలిసి కాపురం చేయాల్సినవాళ్లు. మా ఇంట్లో కూర్చుని మాట్లాడుకుందాం," అని ఆయన జడ్జిగారి వైపు తిరిగాడు. "జీ, సబ్ ఠీక్ హై." అంతా సరిగ్గానే ఉందట.

కావేరికి ఒళ్లు మండిపోయింది. కానీ తన పని మానుకుని వచ్చిన ఆ పెద్దమనిషిని అబద్ధాలకోరు అనడానికి ఆమెకున్న హిందీ చాలదు. తెలుగులో అంటే దాన్ని మళ్లీ ఆయనే చెప్పాలి. వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసింది.

తిరుమలేష్ ఇంటికి వెళ్లవచ్చు, వచ్చే నెల ఇద్దరూ రాజీ కేంద్రానికి రావాలి అని ఉత్తర్వు వచ్చింది. సదాశివరావు ఆమె తల మీద చెయ్యి వేసి దీవించాడు. దగ్గరుండి మొగుడి కారెక్కించి, ఒక ఇల్లు నిలబెట్టానన్న తృప్తితో మెట్రో వైపు వెళ్లిపోయాడు.

కారు ధౌలా కువాన్ కూడలి దాటింది. తిరుమలేష్ మెల్లగా, మంచి తెలుగులో అన్నాడు.

"లోపల నువ్వు చెప్పింది వాళ్లకెవరికీ అర్థం కాలేదు. నాకు ప్రతి మాటా అర్థమైంది."

కారు బ్లాకు ముందు ఆగేసరికి, పక్కింటి దీదీ పాపను ఎత్తుకుని వాళ్ల కోసమే బాల్కనీలో నిలబడి ఉంది.