అప్ప విన్న చప్పుడు

సున్నంతో గీసిన ఎనిమిది అంకె మీద జీపు తిరుగుతూనే ఉంది, పక్క సీట్లో మా అప్ప పైడితల్లి కూర్చుని ఉంది, నేను స్టీరింగు తిప్పిన వైపల్లా తనూ ఒరుగుతూ, చిన్నప్పుడు తీర్థంలో రంగులరాట్నం ఎక్కినప్పటిలా నవ్వుతోంది. మేం ఉన్నది బ్రేకు ఇనస్పెక్టరు పరీక్ష పెట్టే మైదానమే, కాని దాని చుట్టూ గోడకు బదులు మా నాన్న అరటితోట ఉంది, తోట వెనక సాలూరు ఘాటీ కొండలు మరీ దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నాయి. అప్ప పోయి చాలా ఏళ్ళయిందని నాకు తెలుసు. శ్యామలని కని పోయింది. పురిటికి మా ఇంటికి వచ్చిన రోజున కట్టుకున్న ఆకుపచ్చ నేతచీరే ఇప్పుడూ కట్టుకుని ఉంది, అప్పటి వయసులోనే ఉంది, నేనేమో తలలో తెల్లవెంట్రుకలతో తనకన్నా పెద్దదాన్నైపోయాను, అయినా తను అప్పే, నేను చెల్లినే.

"బంగారీ, నువ్వేనేటే తోలుతున్నావు?"

"నేనే అప్పా. నిన్న లైసెన్సు వచ్చీసింది."

"ఆడోళ్ళకి ఇస్తన్నారేటి?"

"ఎప్పట్నించో ఇస్తన్నారంట. మనమే అడగలేదు."

అప్ప నా రవికెలోంచి కార్డు తనే తీసుకుంటుంది, దాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తుంది, ఫొటో చూసి పకపకా నవ్వుతుంది. "కోడి దొంగతనం చేసి దొరికిపోయినట్టున్నావే" అంటుంది. తర్వాత నవ్వు ఆపి, దుమ్మేమీ లేకపోయినా కార్డును కొంగుతో తుడిచి, మళ్ళీ ఒకసారి తుడిచి, "ఎవులు నేర్పేరు? మరిదేనా?" అని అడుగుతుంది.

"ఆయన దగ్గర రెండ్రోజులు కూకున్నాను. మూడో రోజున ఇద్దరం మాటలు మానీసేం. బండో కాపరమో ఏదో ఒకటి మిగలాలని సాలూరులో మాస్టారు దగ్గర చేరేను."

"మంచి పని చేసేవు."

ఎనిమిది అంకె ఎక్కడ విప్పుకుందో, మేం రోడ్డు మీద ఉన్నాం. రెండు వైపులా ఆగివున్న లారీలు, వాటి డ్రైవర్లు టైర్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు, మేం దాటుతుంటే ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు, వాళ్ళ ముఖాలు కనిపించడం లేదు కాని వాళ్ళంతా మా ఊరివాళ్ళేనని నాకు తెలుసు. నేను అప్పకి పరీక్ష సంగతి చెబుతున్నాను. మొదటిసారి వెళ్ళినప్పుడు రివర్సులో కర్రని గుద్దేశానని, ఇనస్పెక్టరు ఏమీ అనకుండా చేత్తో పొమ్మన్నాడని, ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంటే అమ్మ వచ్చి, "కర్ర విరిగిందా, నువ్వు విరిగేవా?" అని అడిగిందని. రెండోసారి ఎత్తు మీద బండి ఆపమన్నాడు, ఆపాను, ఎక్కించమన్నాడు, క్లచ్చు సగం వదిలి, బండి నా కాలికింద పిల్లిలా గుర్రుమంటుంటే బ్రేకు తీశాను, అది వెనక్కి ఒక్క బెత్తెడు కూడా జారలేదు. "దిగమ్మా" అన్నాడు. తప్పేననుకుని దిగాను. "ఈ ఎత్తు మీద రోజూ లారీ తోలేవాళ్ళు కూడా జారుస్తారు, ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. ఊరి పేరు చెప్పాను.

"గట్టిగా చెప్పేవా?" అప్ప అడుగుతుంది.

"మైదానంలో ఉన్నోళ్ళందరూ తిరిగి చూసేరు."

అప్ప తొడమీద చెయ్యి వేసి చరుచుకుంటుంది. ఆ చప్పుడుకి లారీలు, టీ గ్లాసులు అన్నీ పోయి, ఎదర మా ఇంటి వాకిలి వస్తుంది. రోడ్డు నేరుగా వాకిట్లోకే వెళుతోంది. ఇంట్లో మేకుకి జీపు తాళం వేలాడుతోంది, దాని చుట్టూ ఊరి ఆడవాళ్ళందరూ నిలబడి ఉన్నారు. ఇది ఏ రోజో నాకు అర్థమవుతుంది. మాది డ్రైవర్ల ఊరు, ప్రతి ఇంట్లోనూ స్టీరింగు పట్టే మగవాడున్నాడు, అందుకే ఆ రోజు ఒక్కడూ లేడు, అందరూ లోడు వేసుకుని దూరాలు పోయారు, నాన్న కూడా. అప్పకి పొద్దుటినుంచీ నొప్పులు, మంత్రసాని చేతులు కడుక్కుని "నావల్ల కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అంది. ఆడవాళ్ళు తాళం వంక చూశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, ఎవరో ఎడ్లబండి కోసం పరుగెత్తారు. ఆ బండి మీదే, దారిలో, శ్యామల పుట్టింది. అప్ప ఆసుపత్రి చేరలేదు.

"ఆ రోజు తాళం తీసింది నువ్వే కదే" అంటుంది అప్ప, వాకిలి వంకే చూస్తూ.

"తీసేను. ఎక్కి తిప్పేను. క్లచ్చంటే ఏటో తెలీదు నాకు. ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది."

"ఆ చప్పుడు నేను ఇన్నాను."

నేను అప్ప వైపు తిరుగుతాను. రోడ్డు చూడకపోయినా జీపు తన దారిన తను పోతోంది.

"లోపల మంచం మీద ఉన్నాను కదా, ఇన్నాను. కోళ్ళన్నీ ఒక్కసారి అరిసేయి. అమ్మ చెయ్యట్టుకుని 'ఇన్నావేటే అమ్మా, మన బంగారి జీపు ఎక్కీసింది' అన్నాను. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది."

"అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు."

"ఏడుపులో మర్చిపోయుంటాది."

"ఆగిపోయింది కదప్పా, అదేం గొప్ప?"

"గెంతిందా, లేదా?" అప్ప గొంతు పెంచుతుంది, చిన్నప్పుడు నాకోసం ఊరి మీదికి తగువుకి వెళ్ళే గొంతు అది. "అంతమంది ఆడోళ్ళున్నారు, ఆ బండిని గెంతించినోళ్ళు ఇంకెవులున్నారో చెప్పు!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి, అద్దం మసకబారుతుంది, అప్ప చేయి చాపి లోపలినుంచే తుడుస్తుంది, అప్పుడు చూస్తే మేం ఘాటీ ఎక్కుతున్నాం. మలుపు తర్వాత మలుపు, కింద లోయలో మబ్బు, నేను గేరు మారుస్తుంటే అప్ప కన్నార్పకుండా నా చేతినే చూస్తోంది.

"పిల్లకి ఏం పేరెట్టేరు?"

"శ్యామల. అమ్మవారి పేరు."

"శ్యామల..." నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు కాసేపు ఉంచుకుంటుంది. "బాగుంది. నేనైతే సినిమా పేరేదో ఎట్టీదాన్ని. నిన్నేటని పిలుస్తాది?"

ఈ ప్రశ్నకి నేను భయపడుతూనే ఉన్నాను. "అమ్మా అంటాది. నీ ఫొటోని కూడా అమ్మే అంటాది. పరీక్షలకి పోయిన్నాడు ఇద్దరికీ చెప్పే పోతాది."

"మంచిది, ఒకలు ఇంటికాడ, ఒకలు గోడమీద" అంటుంది అప్ప, తనమాటకి తనే నవ్వుతుంది. "ఇంతకీ నన్నెక్కడికి తీసుకుపోతన్నావే?"

"పెద్దాసుపత్రికి."

"ఇప్పుడెందుకే? నొప్పులు ఎప్పుడో పోనాయి. ఆ మీద మలుపు కాడ దింపీ."

మలుపు దగ్గర ఎత్తు నిట్టనిలువుగా ఉంది. ఆపుతాను. జీపు వెనక్కి లాగుతోంది, క్లచ్చూ బ్రేకూ తొక్కిపట్టి కూర్చుంటాను, మబ్బు తలుపుదాకా వచ్చింది. అప్ప దిగడానికి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంది, ఒక కాలు బయట పెడుతుంది, మళ్ళీ వెనక్కి తిరిగి నా నుదుటి చెమట కొంగుతో తుడుస్తుంది.

"నువ్వు పూర్తిగా దిగీదాకా కాలు తియ్యనప్పా."

"తియ్యకు. నాకేం తొందర నేదు" అంటుంది. "నువ్వు తోలగా నేను ఎక్కేనే. అందరికీ చెప్పుకుంటాను."

దిగుతుంది. మెల్లగా, నిండు నెలలప్పుడు దిగేటట్టు, అంచు పట్టుకుని దిగుతుంది. చీర ఆకుపచ్చ కాసేపు మబ్బులో కనిపిస్తుంది. నేను తొక్కిపట్టే ఉన్నాను, పిక్క బిగుసుకుపోతోంది, అయినా తొక్కిపట్టే ఉన్నాను.

"అమ్మా! లెగు, కాలేజీకి టైమయిపోతాది. జీపు మీద దింపుతానన్నావు కదా, నేను ఫ్రెండ్సందరికీ చెప్పీసేను!"

గుమ్మంలో శ్యామల, తలంటుకున్న జుట్టు ఆరబోసుకుంటూ నిలబడి ఉంది. కిటికీలోంచి ఎండ మంచం మీద పడింది. లేవబోతే ఎడమకాలు కదల్లేదు. దుప్పటి తీసి చూశాను. పాదం మంచం పట్టెకి ఆనించి, బలమంతా పెట్టి తొక్కి ఉంది, మడమ కింద చెక్క అచ్చు ఎర్రగా పడింది.

"ఏటయిందమ్మా?" అంది శ్యామల.

"ఒక్క నిమిషం ఉండు" అన్నాను, కాలు కొంచెం కొంచెంగా వదులుతూ.