జంపఖానా మీద చోటు

జొన్నల గంప నెత్తిన పెట్టుకుని బజారు గిర్నికి పోవడం, అక్కడ పడిగాపులు కాసి పిండి పట్టించుకు రావడం కూడా ఒక పనేనని ఐలవ్వ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. గిర్ని సేటు ముందు హోటళ్ల మూటలు పట్టేవాడు, తర్వాత తన చుట్టాలవి, ఆ తర్వాత మగవాళ్లు తెచ్చినవి. ఆడవాళ్ల గంపలు గోడ వారనే ఉండిపోయేవి. అడిగితే "ఇంటికాడ నీకేం పనున్నది?" అనేవాడు. ఇచ్చిన పైసలు చాలవన్నట్టు ప్రతి గంపలోంచీ దోసెడు పిండి తీసి తన డబ్బాలో వేసుకునేవాడు.

ఆమె ఇల్లు చేరేసరికి బొగ్గు గనిలో మొదటి షిఫ్టు దిగిన మొగుడు నర్సింగం వాకిట్లో కూర్చుని ఉండేవాడు. ఒంటి నిండా బొగ్గు, కడుపు నిండా ఆకలి. "గిర్నికాడ ముచ్చట్లు పెట్టుకున్నవా? నేను గనిల సస్తున్న, నువ్వు ఊరు తిరుగుతున్నవ్." అత్త సారవ్వ వెంటనే అందుకునేది. "మా కాలంల ఇసుర్రాయి ఇసిరినం. మీకు మిషన్లచ్చినా కాళ్లే గుంజుతయ్." ఐలవ్వ నీళ్లు కాచేది, మొగుడి వీపు రుద్దేది, రొట్టెలు చేసేది, అతని బట్టల్లోని నలుపు వదిలేదాకా బండ మీద బాదేది. భూమి లోపల బొగ్గు నింపి వచ్చిన మనిషి మీద ఆమెకు జాలి లేక కాదు. కానీ అతని డ్యూటీ సైరన్‌తో మొదలై సైరన్‌తో అయిపోతుంది. తన డ్యూటీ ఎప్పుడైపోయిందో చెప్పే సైరన్ గోదావరిఖని మొత్తంలో ఎక్కడా లేదు. అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది.

పక్క క్వార్టరు మెహరాజ్ బేగం ఒకనాడు గోడ మీదుగా అంది. "అక్కా, పాత గిర్ని మిషన్ అమ్మకానికున్నదంట. మావోళ్లు వర్క్‌షాపుల మెకానికే గద, బాగు చేస్తరు. మనమే పెట్టుకుందమా?" ఐలవ్వ ఫక్కున నవ్వింది. నవ్వు ఆగాక కూడా ఆ మాట వదలలేదు. వాడలోని ఆడవాళ్లు పిండికి పోయిన ప్రతిసారీ పిడికెడు జొన్నలు పక్కన పెట్టారు. నోరున్న పోశవ్వ ఇల్లిల్లూ తిరిగి పోగుచేసింది. అవి అమ్మి మిషన్ తెచ్చుకున్నారు. మగవాళ్లకు అదంతా బొమ్మల పెళ్లిలా కనిపించింది, నవ్వుకున్నారు.

వాడ చివరి ఖాళీ షెడ్డు వాళ్లకు ఇస్తామని గని కంపెనీ అన్నాకనే ఆ నవ్వులు ఆగాయి. ఒకటే షరతు. సహకార సంఘంగా సభ జరిపి, సర్కారు మనిషి ఎదుట అధ్యక్షురాలినో అధ్యక్షుడినో ఎన్నుకోవాలి. సభ జరగకపోతే షెడ్డు గిర్ని సేటుకు పోతుంది, అతనూ అడిగి ఉన్నాడు. నర్సింగం అన్న రాయమల్లు అన్నాడు. "పెద్దమనిషి లేంది సంఘమెట్లయితది? తమ్మున్ని పెడదాం." నర్సింగం రొట్టె తుంచుతూ చెప్పాడు. "నువ్వేం మాట్లాడకు. నా పేరు చెప్పు, సాలు. మిగిలింది మేం సూసుకుంటం." వీళ్లు చూసుకుంటే మళ్లీ ఎవరి మూటలు ముందు పడతాయో ఐలవ్వకు తెలియదా? అయినా ఇంకో రొట్టె వేసింది. అలా వేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సభ ఆదివారం పెట్టుకున్నారు. గనికి సెలవు, పిల్లల్ని చూడడానికి ఇంట్లో మనిషి ఉంటాడని. తమ సభకు కూడా ఇంటి వీలే చూసుకున్న పిచ్చితల్లులు! సెలవు కాబట్టి మగవాళ్లంతా తీరిగ్గా వచ్చి జంపఖానా మీద బాసింపట్లు వేసుకున్నారు. వాళ్లలో మామలున్నారు, బావలున్నారు. మామ ముందు, బావ ముందు ఆడది కూర్చోదు. ఆడవాళ్లు కొంగులు సర్దుకుని గోడ వెంట నిలబడ్డారు.

కరీంనగర్ నుంచి వచ్చిన సర్కారు సారుకు ఈ సంగతి తెలియదు. చేతిలోని సభ్యుల పట్టీని, కూర్చున్నవాళ్లను చూసి, గోడ వెంట ఉన్నది చూడవచ్చినవాళ్లనుకుని, "వీళ్లలో సభ్యులు ఒక్కరూ లేరే? సభ్యులు రాకపోతే సభ జరగదు. నేను వెళ్తాను" అన్నాడు.

"మేమే సారూ సభ్యులం!" పోశవ్వ అరిచింది.

"అయితే వచ్చి కూర్చోండమ్మా."

ఎదురుగా మామ. పోశవ్వ అంతటిది కూడా నాలుక కరుచుకుంది. సారు సంచి భుజాన వేసుకున్నాడు.

"ఉండుండ్రి సారూ, మా ఆడోళ్ల తరపున నేను చెప్త" అన్నాడు నర్సింగం.

ఐలవ్వ అడుగు కదిపింది. సారవ్వ చెయ్యి పట్టుకుంది. "మీ బావున్నడే! సిగ్గులేదా?" నిండు నెలల్లో కాళ్లు వాచినప్పుడు కూడా బావ వస్తే లేచి నిలబడింది ఐలవ్వ. ఆయనంటే ఇప్పటికీ గౌరవమే. కానీ ఈ గౌరవం ఖరీదు ఈవేళ ఒక గిర్ని. అంత ఇచ్చుకోలేననుకుంది. అత్త చెయ్యి మెల్లగా విడిపించుకుని, పోయి జంపఖానా నడిమధ్య కూర్చుంది.

రాయమల్లు నిప్పు తొక్కినవాడిలా లేచాడు. మరదలు కూర్చున్న జంపఖానా మీద బావ కూర్చోవడమా! మెహరాజ్ బేగం వచ్చి కూర్చుంది. పోశవ్వ కూర్చుంది, ఆమె మామ లేచి బయటికి నడిచాడు. ఒక్కో కోడలు కూర్చుంటుంటే ఒక్కో పెద్దమనిషి లేస్తున్నాడు. చివరికి నర్సింగం ఒక్కడు మిగిలాడు.

"మీరెవరు?" అన్నాడు సారు.

నర్సింగం అటూ ఇటూ చూశాడు. "నేను... ఐలవ్వ పెనిమిటిని సారూ."

"అయితే మీరు బయట ఉండాలి."

నర్సింగం లేచాడు. మొగుడు లేచేసరికి అలవాటు కొద్దీ ఐలవ్వ మోకాళ్లు కదిలాయి. అరచేయి నేలకు ఆనించి గట్టిగా కూర్చుంది.

"అధ్యక్షురాలు ఎవరమ్మా?"

"నేనే. ఐలవ్వ." జంపఖానా మీది ఆడవాళ్లంతా ఔనంటూ చేతులెత్తారు. "మొదటి కట్టుబాటు రాసుకోండ్రి సారూ. ఎవలు ముందొస్తే వాళ్లయే ముందు పడతం. మొగోళ్లయినా, మా ఇంటోళ్లయినా, వరుసల నిలబడాలె."