నాలుగో గడి

ఆ ఉత్తరం మూడు రోజులుగా నా సంచిలోనే ఉంది. కవరు మూసి స్టాంపు కూడా అంటించాను. పోస్టు డబ్బాలో వెయ్యడమే తరువాయి.

ఉత్తరం రాసింది నేను, సంతకం మా చెల్లెలిది. రైల్లో ఐదు గంటల దూరంలో దాని స్నేహితురాలు స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణం పెట్టింది. గుడ్డ కత్తిరించే పనికి దీన్ని రమ్మంది. దుకాణం పైన గది ఇస్తాననీ, శుక్రవారం లోపల ఏ సంగతో చెప్పమనీ రాసింది.

"ఈ వయసులో ఎక్కడికే? ఇక్కడే ఉండు" అన్నాను.

"అలాగే అక్కా" అంది.

నా దస్తూరీ బాగుంటుందని, రాలేనంటూ జవాబు నేనే రాశాను. అది చదవకుండానే సంతకం పెట్టింది. మరి ఎందుకు పోస్టు చెయ్యలేదంటే నాకే తెలియదు. డబ్బా కనిపించినప్పుడల్లా రేపు వేద్దాంలే అనుకుని ముందుకు నడిచేదాన్ని.

అమ్మ పోయేటప్పటికి నాకు పదహారు, దానికి ఆరు. మా ఆయన వారంలో వస్తానని గుమ్మం దాటి ఇరవై రెండేళ్ళయింది. అప్పటినుంచీ నాకొక అలవాటు. ఇంటికి వస్తూనే ముందు గుమ్మం పక్కన దాని చెప్పులున్నాయో లేదో చూసుకుంటాను. ఉంటేనే ఊపిరి తిరుగుతుంది.

నాది సర్వే పని. పద్నాలుగు దేశాల్లో ఒకే నలభై రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. నోరెత్తనివ్వని పాలకుడంటే, ఎదురు చెప్పని పిల్లలంటే ఎక్కడి జనానికి ఎంత మక్కువో కొలుస్తారట. నేను బడి మొహం చూడలేదు. అల్మరా అరల్లో పరిచిన పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అయినా నన్ను తీసుకున్నారు. ముసలామె ముఖం మీద ఎవరూ తలుపు వెయ్యరని వాళ్ళ ధీమా. నిజమే, ఎవరూ వెయ్యలేదు. అరవై నాలుగు ఇళ్ళు తిరిగాను. మోకాళ్ళు అరిగిపోయాయి.

బుధవారం పొద్దున మా సూపర్‌వైజరు పిలిపించింది. ఆవిడకు ఏడాది పొడుగునా జలుబే. వెనకాల అందరం జలుబు మేడం అంటాం. బల్ల మీద నా కాగితాలన్నీ ఎర్ర గీతలతో ఉన్నాయి.

"పెద్దమ్మా, కూర్చోండి. ఏడో ప్రశ్న చదవండి."

"దేశం బాగుపడాలంటే ఎదురు ప్రశ్న వెయ్యని జనం, గట్టి నాయకుడు కావాలి."

"ముప్ఫై ఒకటి?"

"నాయకుడు ఎంత గట్టివాడైనా జనం అతన్ని నిలదీస్తూనే ఉండాలి."

"మీ అరవై నాలుగు మందిలో అరవై ఒక్కమంది రెంటికీ పూర్తిగా ఒప్పుకుంటాను అన్నారు." ఆవిడ ముక్కు తుడుచుకుంది. "ఒకే మనిషి రెంటికీ ఎలా ఒప్పుకుంటాడు? ఇలాంటివాళ్ళను పట్టుకోవడానికే ఆ జంట ప్రశ్నలు దూరం దూరంగా పెడతారు. పై ఆఫీసువాళ్ళు ఏమంటున్నారో తెలుసా? మీరు ఇంట్లో కూర్చుని నింపారంటున్నారు."

"మెట్లు ఎక్కింది నా మోకాళ్ళకు తెలుసమ్మా" అన్నాను.

"నాకూ తెలుసు. అందుకే ఇవాళ మీతో వస్తున్నాను. పదండి."

మూడో అంతస్తులో గొడుగులు బాగుచేసే ఆయన ఇంటికి వెళ్ళాం. గది నిండా విరిగిన ఊచలు, నల్లగుడ్డ పీలికలు. నన్ను చూడగానే ముక్కాలిపీట తుడిచి వేశాడు.

"మళ్ళీ వచ్చారేంటమ్మా? మొన్న తప్పు చెప్పానా?"

"నువ్వేం తప్పు చెప్పలేదు నాయనా. ఇంకోసారి అడగమన్నారు, అంతే."

పెన్ను తీసి చదవడం మొదలుపెట్టాను. మేడం తలుపుకు ఆనుకుని నిలబడింది. పిల్లలకు మొదట నేర్పాల్సింది పెద్దల మాట వినడం, అంతేగా నాయనా? అంతేనమ్మా. నలుగురూ నడిచే దారి వదిలిపెట్టేవాళ్ళ వల్లే అనర్థాలన్నీ, కదూ? కదమ్మా మరి. పది ప్రశ్నలు కాగానే మేడం చెయ్యి అడ్డం పెట్టింది.

"పెద్దమ్మా, ఆయన నోరు తెరవకముందే మీ పెన్ను 'పూర్తిగా ఒప్పుకుంటాను' అన్న మొదటి గడి మీద ఉంటోంది."

చూసుకున్నాను. ఉంది. పాపం, ఆలోచించడానికి కష్టపడతారని దారి చూపిస్తున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ.

మేడం గొడుగులాయనకు కొత్త కాగితం, పెన్ను ఇచ్చి, ముందు ఒక ఖాళీ డబ్బా పెట్టింది. "మేమిద్దరం గోడవైపు తిరుగుతాం. మీకు తోచినట్టు మీరే గీసి, మడిచి ఈ డబ్బాలో వెయ్యండి. పేరు రాయొద్దు. ఈవిడ చూడదు."

గోడవైపు తిరిగి నిలబడ్డాం. గీత గీసిన చప్పుడు. ఒకచోట కాగితం చిరిగిన చప్పుడు.

అలా మరో ఎనిమిది ఇళ్ళు తిరిగాం. సాయంత్రం ఆఫీసులో మేడం డబ్బా తెరిచి తొమ్మిది కాగితాలు వరసగా పరిచింది. ఆరింటిలో ఏడో ప్రశ్నకు గీత చివరి గడిలో ఉంది, అసలు ఒప్పుకోను అని. ఒకదానిలో ఎంత గట్టిగా గీశారంటే ఆ గడి చిల్లు పడింది.

"మరి నాతో అన్నిటికీ అవునన్నారే" అన్నాను.

"గొడుగులాయన నాతో మెట్ల దగ్గర చెప్పాడు. 'పెద్దావిడ ఆయాసపడుతూ మూడంతస్తులెక్కి వచ్చింది, కాదంటే ఏం బాగుంటుందండీ' అని." మేడం నవ్వబోయి తుమ్మింది. "మీరు దొంగ లెక్క రాయలేదని పైకి రాస్తాను. ఆ అరవై నాలుగు మాత్రం పనికిరావు. మళ్ళీ మొదలుపెట్టాలి. ఈసారి గోడ చూస్తూ."

బస్సులో కూర్చుంటే సంచిలో ఉత్తరం రాయంత బరువనిపించింది. బడి మానిపించి కుట్టుపనిలో పెట్టినప్పుడు అలాగే అక్కా. వచ్చిన సంబంధం నాకు నచ్చక వెనక్కి పంపినప్పుడు అలాగే అక్కా. యాభై రెండేళ్ళుగా విన్నది అదొక్కటే. అది నోరు తెరవకముందే నా పెన్ను ఎక్కడ ఉండేదో ఎవరూ చూడలేదు.

గుమ్మం పక్కన చెప్పులున్నాయి. మా చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతోంది.

సర్వే కాగితం వెనకవైపు ఒక్క వాక్యం రాశాను. 'నేను అక్కతో ఇక్కడే ఉండాలి.' కింద ఐదు గడులు గీశాను. పూర్తిగా ఒప్పుకుంటాను మొదటిది, అసలు ఒప్పుకోను ఐదోది. పక్కన ఉత్తరం పెట్టాను. అది కవరు వైపు చూసింది.

"ఇంకా వెయ్యలేదా?"

"లేదు. నేను గోడవైపు తిరుగుతాను. నీకు తోచింది గీసి బిస్కెట్ల డబ్బాలో వెయ్యి."

"ఏంటక్కా ఇది?"

"మా ఆఫీసు పద్ధతి."

అది కాగితం చదువుకుంది. "యాభై ఎనిమిదేళ్ళకి నాకు ఓటు హక్కు ఇచ్చావా?" అంది.

గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోటు చూస్తూ నిలబడ్డాను. వెనక ఏ చప్పుడూ లేదు. మోకాళ్ళు లాగుతున్నాయి.

"తిరగనా?"

"ఉండు."

అది నాతో ఉండు అనడం నాకు గుర్తులేదు. ఉన్నాను. చివరికి పెన్ను కదిలింది, డబ్బా మూత పడింది.

అడిగినవాళ్ళు తెరవకూడదని రూలు. ఈ ఇంట్లో ఇంకెవరున్నారు తెరవడానికి? తెరిచాను.

గీత నాలుగో గడిలో ఉంది. ఒప్పుకోను. ఐదోది కాదు. ఐదో గడిలో పెన్ను ఆనించి ఎత్తేసిన చుక్క ఒకటి కనబడింది. దాన్నే చాలాసేపు చూశాను.

"కోపం వచ్చిందా అక్కా?"

"లేదు. కాస్త అలసటగా ఉంది. ఎప్పుడు రమ్మంది?"

"ఒకటో తారీకుకి." చొక్కా మడుస్తూ అంది, "నువ్వు కూడా వస్తే, గది పెద్దదేనట."

"ఎనిమిది వారాలు మళ్ళీ తిరగాలి నేను. తర్వాత చూద్దాం. నన్ను అడుగు, చెప్పకు."

అది నవ్వింది. తర్వాత కాగితం తీసుకుని తనే జవాబు రాయడానికి కూర్చుంది. అక్షరాలు వంకరగా పోతున్నాయి. చెయ్యి సాయం వెళ్ళబోయి ఆపుకున్నాను. పొయ్యి మీద నీళ్ళు పెట్టి, పాత కవరు మీది స్టాంపు ఊడదీయడానికి ఆవిరి పట్టాను.