వెనక బెంచీలో నిలబడ్డ ఇందు

ట్రాఫిక్ కాలనీలోని తెలుగు బడిలో పిల్లలకు ఒక కట్టడి ఉంది. టీచరుతో ఏదైనా చెప్పాలంటే అరవకూడదు. లేచి నిలబడాలి, పిలిచేదాకా ఆగాలి. తోటి టీచరు సుజాతమ్మ రిటైరై, ఆమె చోటుకు ఎవరూ రాక, మూడు నాలుగు తరగతులు ఒకే గదిలోకి వచ్చిపడ్డాక శేషారత్నం టీచరు పెట్టిన నియమమిది. లేకపోతే ఆ గది ఊళ్ళోని గోల్‌బజారు అంగడే. ఆమె గొంతు ఎప్పుడో పోయింది. మిరియాల పాలతో ఎలాగో ఈడ్చుకొస్తోంది.

ఆ రోజు హాజరు ఎక్కించే యాప్ తెరుచుకోలేదు. భోజనాల గంట కొట్టేలోగా లెక్క పంపకపోతే పై ఆఫీసు సంజాయిషీ అడుగుతుంది. యాప్ ఆగినప్పుడల్లా ఏం చేయాలో టీచర్ల వాట్సాప్ గ్రూపులోనే చెబుతారు. ఆ గ్రూపు చూస్తే సంత. "మీకు వస్తోందా?" "మాకూ రావట్లేదు." మధ్యలో ఎవరిదో గులాబీ పువ్వుతో శుభోదయం. అసలు కబురు ఆ రొదలో ఎక్కడ కొట్టుకుపోతుందోనని, పిల్లలను ఎక్కాలు రాయమని చెప్పి, శేషారత్నం ఫోను మీద వేలు జరుపుతూ కూర్చుంది.

వెనక బెంచీలో ఇందు లేచి నిలబడింది. ఒళ్ళు కాలిపోతోంది. బుద్ధిమంతురాలు కనుక అరవలేదు. నిలబడి నిలబడి, కళ్ళు తిరిగి పడిపోయింది.

తండ్రి హరిబాబు ఖరిదా బజారులోని స్టీలు సామాన్ల కొట్టు వదిలి పరుగున వచ్చాడు. పిల్లను డాక్టరుకు చూపించాక, కడుపుమంటతో ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో రాసేశాడు, పాఠం మానేసి ఫోను చూసుకునే టీచరుకు జీతం దండగని. ఇక అడగాలా? ఆ బడి గడప తొక్కనివాళ్ళు కూడా తలో రాయి వేశారు. శేషారత్నం అన్నీ చదివింది. జవాబు రాయబోయి ఆగింది. పిల్ల పడిపోయిన మాట నిజం, తను ఫోను చూస్తున్న మాటా నిజం. ఆ రాసినవాడు ఒకప్పుడు తన దగ్గర అక్షరాలు దిద్దినవాడే కావడం ఆమెను మరీ కుంగదీసింది.

జ్వరం తగ్గాక హరిబాబు పిల్లను దింపడానికి వచ్చాడు.

"ఏటి టీచరమ్మా, గుంట అంతసేపు నిలబడుంటే మీకు కనబడనేదా? మేం సదివినప్పుడు, ఎవుడు సద్దన్నం తినకండా వచ్చినాడో మొకం సూసి సెప్పీసేవోరు కదా!"

"కనబడలేదు హరిబాబూ. తప్పే. అప్పుడు మీరు గుప్పెడుమంది. ఒక్కసారి లోపలికి చూసి, ఇందు ఎక్కడుందో చెప్పు."

ఇందు అప్పటికే లోపలికి వెళ్ళి కూర్చుంది. హరిబాబు గుమ్మంలో నిలబడి వెతికాడు. ఒకరి ఒళ్ళో ఒకరన్నట్టు కూర్చున్న పిల్లలు. బెంచీ బెంచీ చూశాడు. కన్నకూతురు కనపడలేదు. తండ్రి చూపు తనను దాటి వెళ్ళడం చూసి ఇందే లేచి నిలబడింది, నోరు మెదపకుండా. హరిబాబు జేబులోంచి ఫోను తీశాడు.

"ఆ రాసింది తీసీమంటారా?"

"తీసీకు. ఇంకోటి రాయి," అన్నాడు ఆ మాట విని పక్కగదిలోంచి వచ్చిన హెడ్మాస్టరు పాండురంగయ్య. "తప్పు టీచరమ్మది కొంతే. ఇంతమందిని ఒక్క మనిసికి అప్పజెప్పి, ఆ మనిసి కళ్ళని ఫోనుకి కట్టీసినోళ్ళది పెద్ద తప్పు. అది సూడకండా రాళ్ళేసినోళ్ళకీ వాటా ఉంది. ఈ బడికి ఇంకో టీచరు కావాలని రాయి. తిట్టినోళ్ళందరిసేతా సంతకాలు పెట్టించు."

శేషారత్నం చేతిలో ఫోను మోగింది. యాప్ మళ్ళీ ఆగిందట, గ్రూపు చూస్తూ ఉండమన్నారు పై ఆఫీసువాళ్ళు. ఆమె దాన్ని పాండురంగయ్య చేతిలో పెట్టింది.

"మీరే చూడండి మాస్టారూ. లెక్క ఆలస్యమైతే సంజాయిషీ నేనిస్తాను."

గదిలోకి వెళ్ళి, బొంగురు గొంతుతో అంది.

"ఇకమీదట నిలబడి ఊరుకోకండర్రా. నాకు వినబడేదాకా అరవండి."