జాలీ బీరువాలో జెర్రిపోతు

నేను ఒక జాలీ బీరువాను. పనసచెక్క ఒళ్లు, మూడు వైపులా సన్నని ఇనుప జాలీ. ఈగ దూరకూడదు, గాలి ఆడాలి, లోపలున్నది దారినపోయేవాళ్లకు కనబడాలి. నన్ను చేసిన వడ్రంగి ఆలోచన అది. మొదట టీ కొట్టులో గారెలు మోశాను. కొట్టు మూతపడ్డాక గవరయ్య నన్ను బండి మీద ఇంటికి తెచ్చాడు. అతని భార్య అసిరమ్మ నాలో పాలూ పెరుగూ పెట్టుకునేది. ఫ్రిజ్ వచ్చాక నన్ను వరండాలోకి నెట్టారు.

ఈమధ్య గవరయ్య పొలం నుంచి ఒక జెర్రిపోతు పాముపిల్లను తువ్వాలులో చుట్టి తెచ్చాడు. ట్రాక్టరు నాగలి తగిలి దాని పక్క చీరుకుపోయింది. పసుపు రాసి నాలో పెట్టాడు. గాయం మానింది గానీ అది తిండి ముట్టలేదు. ముట్టకపోతే బతకదు. ఆ బెంగతో గవరయ్య కూడా సగం అన్నం వదిలేసి లేచేవాడు.

మనుషులు ప్రేమగా పెడతారు గానీ, తినేవాళ్లు ఎవరో చూడరు. ఎదురింటి సన్యాసమ్మ గిన్నెడు పాలు తెచ్చి, "నాగన్న తండ్రీ, తాగు బాబూ!" అని దండం పెట్టింది. పాలు విరిగిపోయాయి. గవరయ్య బోనులో పడ్డ ఎలుకను చంపి, పటకారుతో పట్టుకుని పాముపిల్ల మూతి ముందు ఆడించాడు. అది తల తిప్పుకుంది. వచ్చినవాళ్లందరికీ చూపించడానికి దాన్ని తీసి మెడలో వేసుకునేవాడు. "సూసేరా, ఎంత మెత్తగున్నాదో!" అనేవాడు. మళ్లీ లోపల పెట్టగానే అది నా మూలలో ఒదిగిపోయేది.

ఒకరోజు అసిరమ్మకు ఒళ్లు మండింది.

"ఏటయ్యా నీ యవ్వారం? కొత్తకోడలు కంచం ముందు కూకుంటే, ఊరంతా సుట్టూ నిలబడి సూస్తే, దానికి ముద్ద దిగుతాదేటి?"

"సచ్చిపోతాదేమోనే..."

"నువ్వు సంపకుండా ఉంటే సావదు. అవతలికి నడు."

పాత నేతచీర తెచ్చి నా మీద కప్పింది. కింది అరలో ఎలుకను పెట్టి తలుపు మూసింది. ఆ చీకట్లో, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, పిల్ల నాలుక ఆడించుకుంటూ వచ్చింది. నేను చెక్కనేగా, నన్ను లెక్కచెయ్యలేదు. తల వైపు నుంచి నెమ్మదిగా మింగింది.

సాయంత్రం చీర అంచు ఎత్తి చూసి అసిరమ్మ నవ్వింది. గవరయ్య పరుగున వచ్చి చెయ్యి పెట్టబోయాడు.

"ముట్టకు! పాలు తాగిన బిడ్డని ఎగరేస్తే కక్కదేటి? అరగనీ."

గవరయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తొడ కింద పెట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు. ఎవరో పామును చూస్తామంటూ వరండా ఎక్కారు.

"ఇప్పుడు కాదెహె, బోంచేసి పడుకుంది" అని గొంతు తగ్గించి పంపేశాడు.

నా అడుగుచెక్క మీద దాని బరువు కొంచెం పెరిగింది.