చిగుళ్ళ రంగు సరంగు

అల్లుడిది కట్టుడు పళ్ళు తయారుచేసే పని. పగలంతా మైనం కరిగించి, అచ్చులు పోసి, ఊళ్ళోవాళ్ళ నోళ్ళు బాగుచేస్తాడు. సాయంత్రమైతే అదే బల్ల మీద, అవే పనిముట్లతో, రిమోటుతో నడిచే చిన్న పడవలు కడతాడు. ఈసారి కట్టింది మూరెడు పొడవు లాంచీ. అలాంటిలాంటి లాంచీ కాదు, సాక్షాత్తూ మామగారి లాంచీ.

మామగారు ఒకప్పుడు లాంచీ నడిపే సరంగు. నది మీద వంతెన పడేదాకా జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చింది ఆయనే. వంతెన రాగానే పాత ఇనుము వాళ్ళొచ్చి లాంచీని ముక్కలు చేసి పట్టుకుపోయారు. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. ఇక ఆ లాంచీ ఉన్నదల్లా మామగారి మాటల్లోనే, ఆ మాటలకు మాత్రం కొదవ లేదు. "నా చేతిలో లాంచీ నడినీళ్ళలో ఒక్కసారి ఆగిందని ఎవరైనా అంటే మీసం తీయించుకుంటా" అని ప్రతి భోజనం దగ్గరా ఒకసారి మీసం దువ్వాల్సిందే.

ఆ మాటలు పట్టుకునే అల్లుడు లాంచీ కట్టాడు. కట్టుడు పళ్ళకు వాడే తీగ వంచి కమ్ములు పెట్టాడు, గోరంత బెంచీలు అతికించాడు. తీసుకెళ్ళి మామగారి ముందు పెడితే ఆయన కళ్ళజోడు సవరించుకుని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

"బొమ్మ బాగుంది అల్లుడుగారూ."

బొమ్మ! అల్లుడి ప్రాణం ఉసూరుమంది. "ఇది నా లాంచీ" అని ఆయన నోటితో ఆయన అనాలి. ఆ ఒక్క మాట కోసమే కదా ఇంత అవస్థ.

"ఏం తక్కువైంది మామయ్యగారూ?"

"తక్కువేముందీ? అద్దం మీద వైపరు ఆడట్లేదు, అంతే."

అల్లుడు వేలి కొసంత మోటారు తెచ్చి అద్దం వెనక దాచి వైపరు ఆడించాడు. మామగారు చూసి, జనం ఎక్కే చెక్క దానంతటదే దిగాలి కదా అన్నారు. దానికో మోటారు. పైన తిరిగే లైటుకు ఇంకోటి. చివరికి చుక్కాని చక్రం దగ్గర మనిషేడీ అన్నారు. అల్లుడు చేతికందిన సామానుతోనే మనిషిని మలిచాడు, వాడి చేతులకు మోటారు తగిలించాడు. చక్రం చక్కగా తిప్పుతున్నాడు గానీ, చిగుళ్ళకు వాడే ముద్దతో చేశాడేమో, మనిషి నిగనిగలాడే గులాబీ రంగులో తేలాడు.

"నా మొహం చిగురులా ఉంటుందటయ్యా?" అన్నారు మామగారు.

"ఎండలో నిలబడితే అలాగే ఉండేది లెండి" అన్నారు అత్తగారు వంటింట్లోంచి.

"ఏమండీ, ఆ పడవలో ఇంక చీమ దూరే సందైనా ఉందా?" అంది భార్య. లేదు. ఇన్ని మోటార్లకూ కలిపి ఒకటే బ్యాటరీ. ఇంకోటి పెడదామంటే చోటు లేదు, పెట్టినా బరువుకు పడవ మునుగుతుంది. పర్వాలేదులే అనుకున్నాడు అల్లుడు. పక్కవాడి పడవలో అదే చూస్తే వాడికి నాలుగు చీవాట్లు పెట్టేవాడే.

ఆదివారం నలుగురూ పార్కులో కొలను దగ్గరికి వెళ్ళారు. లాంచీ గట్టు వదిలింది. వైపరు ఆడింది, లైటు తిరిగింది, చెక్క పైకి లేచింది, చిగుళ్ళ సరంగు చక్రం తిప్పాడు. షికారుకొచ్చిన వాళ్ళు ఆగి మరీ చూశారు. మామగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

సరిగ్గా కొలను నడిమధ్యకు వెళ్ళాక లాంచీ ఆగిపోయింది.

చిన్న మోటార్లన్నీ కలిసి బ్యాటరీని పీల్చేశాయి, పడవను నడిపే పెద్ద మోటారుకు ఏమీ మిగల్లేదు. వైపరు మాత్రం హుషారుగా ఆడుతోంది. సరంగు ఎక్కడికో పోతున్నట్టు చక్రం తెగ తిప్పేస్తున్నాడు. నడినీళ్ళలో ఎన్నడూ ఆగని లాంచీ పరువు నలుగురిలో తీశానే అని అల్లుడికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"అన్నీ ఆపెయ్యండి!" మామగారు ఒక్క అరుపు అరిచారు. "లైటు, వైపరు, అన్నీ! కాసేపు ఊరుకోండి. బ్యాటరీ కాస్త ఊపిరి తీసుకుంటే ఇంజను దానంతటదే అందుకుంటుంది. కంగారు పడితే మొదటికే మోసం!"

అల్లుడు అన్నీ ఆపాడు. కాసేపాగి మెల్లగా మీట నొక్కితే లాంచీ చిన్నగా దగ్గినట్టు కదిలింది.

"మామయ్యగారూ, మీ లాంచీ ఎప్పుడూ ఆగలేదన్నారుగా. మరి ఈ కిటుకు మీకెలా తెలుసు?"

మామగారు నాలుక కరుచుకున్నారు. అత్తగారు నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడ్డారు.

"ఆగకపోవడమేంటి అల్లుడుగారూ! వారానికోసారి ఆగేది. అందులో చిక్కుకునే కదా నేనీయన పాలబడ్డాను!"

"అయితే నాన్నా, మీసం సంగతేంటి?" అంది కూతురు.

మామగారు తన మీసాన్ని చేత్తో కాపాడుకుంటూ, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు. ఇన్నాళ్ళూ ముట్టుకోని రిమోటును అల్లుడి చేతిలోంచి తీసుకుని, తడబడే లాంచీని బుజ్జగిస్తూ గట్టుకు తెచ్చారు.

"నా లాంచీయే అల్లుడుగారూ. దీని మొండితనం మండా, అచ్చం నా లాంచీయే!"

అల్లుడు లాంచీని నీళ్ళలోంచి తీసి, తుడిచి గట్టు మీద పెట్టాడు.

అత్తగారు వంగి క్యాబిను తలుపును వేలితో తట్టారు. "ఇది తెరుచుకోదా? ఆ రోజు లాంచీ ఆగినప్పుడు ఈ తలుపు తీసుకునే ఈయన బయటికొచ్చారు. అంతమంది దాహంతో ఉంటే నీళ్ళ సీసా నా ఒక్కదానికే ఇచ్చారు."

అల్లుడు అప్పుడే జేబులోంచి పళ్ళు కొలిచే పుల్ల తీసి తలుపు కొలుస్తున్నాడు. ఇంకో మోటారు, దానితోపాటు ఎలాగోలా ఇంకో బ్యాటరీ కూడా.

"ఆ మోటారు మెల్లగా తిరిగేది చూడండి అల్లుడుగారూ" అన్నారు మామగారు, చిగుళ్ళ సరంగు కంటే ఎర్రబడి. "ఆ తలుపు తియ్యడానికి ఆ రోజు నాకు చాలాసేపు పట్టింది."