పడని మందుల గడి

మా డాక్టరుగారికీ కంప్యూటరుకీ ఉప్పూ నిప్పూ. ముప్పై ఏళ్ళుగా ఆయన రాసిందంతా కాగితం మీదే. ఆ రాత చదవగలిగేది మందుల షాపాయనా, నర్సుగా ఉన్న నేనూ, ఇద్దరమే.

అలాంటిది, పోయిన ఏడాది ఆరోగ్యశాఖ కొత్త ప్రమాణాలు పెట్టింది. రోగుల వివరాలు కంప్యూటరులో ఉండాలి. అందులో 'పడని మందులు' అన్న గడి నూటికి తొంభై మందికి నిండితేనే క్లినిక్‌కి గుర్తింపు.

"అమ్మాయ్, ఆ యంత్రం సంగతి నువ్వే చూడు" అని డాక్టరుగారు నా నెత్తిన పెట్టారు.

చూశాను. ఎలా చూశానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. ఆరువందల పైచిలుకు పాత ఫైళ్ళు తిరగేసే ఓపిక లేక, ఆ గడిలో 'లేవు' అని ఒకసారి కొట్టి అందరికీ అదే దించేశాను. నూటికి నూరు! తనిఖీకి వచ్చినావిడ తెగ మెచ్చుకుంది. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు.

ఆ మెప్పుతో డాక్టరుగారికి కంప్యూటరు మీద గురి కుదిరింది. అసలు చిక్కు అదే. ఫైళ్ళన్నీ అటకెక్కించి, తెర చూసి మందులు రాయడం మొదలుపెట్టారు.

ఓ పొద్దున, వీధి చివర బట్టలు కుట్టే అక్క గొంతునొప్పితో వచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని తెర చూసి, "పడని మందులేవీ లేవు, భేష్" అంటూ పెన్సిలిన్ ఇంజెక్షన్ రాశారు. నేను సూదిలోకి మందు ఎక్కించి పట్టుకొచ్చాను.

"మెల్లగా పొడువమ్మా, నా సూది కంటే నీది లావు" అంది అక్క, జాకెట్టు చెయ్యి పైకి లాగుతూ. "ఆమధ్య ఇక్కడే ఏదో సూదేస్తే మొహం వాచిపోయి మా ఆయనే నన్ను గుర్తుపట్టలేదు."

అది పెన్సిలిన్ సూదే. ఆ సంగతి ఆవిడ ఫైలు మీద ఎర్రసిరాతో రాసింది నేనే. సూది పక్కన పడేసి, డాక్టరుగారి దగ్గర ఉన్నదంతా కక్కేశాను.

"ఎంతమందికి అలా కొట్టావ్?"

"అందరికీ అండీ."

ఆయన వేరే మందు రాసి అక్కని పంపేశారు. నన్ను తిడతారనుకున్నాను. "అడగాల్సినవాణ్ణి నేను. నీ మీదకి తోసేశాను" అన్నారు. అన్ని గడులూ చెరిపెయ్యమన్నారు.

"గుర్తింపు పోతుందేమోనండీ."

"పోతే ఆ గుర్తింపు బోర్డే పోతుంది. ఇందాక ఆవిడే పోతే?"

తనిఖీ ఆవిడకి ఫోనూ ఆయనే చేశారు. ఆవిడ వచ్చి ఖాళీ గడులన్నీ చూసింది. "గడి నిండిందా అని చూశాం కానీ, రోగిని అడిగారా అని మేమూ చూడలేదు" అంది. ఎవరు, ఏ రోజు అడిగారో కూడా రాయాలని నియమం పెట్టి, మాకు మూణ్ణెల్లు గడువిచ్చింది.

మర్నాటి నుంచి డాక్టరుగారే ఒక్కొక్కర్నీ అడుగుతూ, ఒంటివేలితో కొట్టుకుంటూ కూర్చున్నారు. ఓ మధ్యాహ్నం, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన వచ్చాడు.

"మీకేమన్నా మందులు పడవా?"

"నాకన్నీ పడతాయి బాబూ. మా ఆవిడకే ఒకటి పడేది కాదు. వేరే ఆసుపత్రిలో అదే ఇచ్చారు. ఆరోజు ఒక్కరు, ఇలా ఒక్కమాట అడిగుంటే ఇవాళ తను ఇంట్లో ఉండేది."

డాక్టరుగారు కీబోర్డు పక్కకి జరిపి ఆయన చెయ్యి పట్టుకున్నారు. బయట ఇంకా పదిమంది ఉన్నారు. వాళ్ళని కాసేపు ఆగమని చెప్పి, నేను తలుపు దగ్గరికి వేశాను.